అడుగు చల్లగా ఉంటే

ముందు చప్పుడు వినిపించింది. కుత కుత కుత... మూత పెట్టిన గిన్నెలో నీళ్లు మరిగి మరిగి, దారి దొరక్క, మూతనే తంతున్న చప్పుడు.

వేరే బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్న ఆమె చెయ్యి ఆగింది. ఈ షెడ్డులో రెంచీలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. మనుషుల్ని మాటతో గుర్తుపట్టినట్టు ఇంజన్లను దగ్గుతో గుర్తుపడుతుంది. ఈ దగ్గు విని ఆరేళ్లయింది.

బయటికి జారి వచ్చి చూసింది. ముదురాకుపచ్చ రంగు పాత కారు. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, ముక్కు మీద తెల్లటి ఆవిరి. స్టీరింగు ముందునుంచి మాస్టారి భార్య దిగింది. అవతలి తలుపు తీసి, మాస్టారి చెయ్యి పట్టుకుని దించింది. ఆయన నల్లకళ్లద్దాల కింద చర్మం, కరిగి మళ్లీ గడ్డకట్టిన మైనంలా మెరుస్తోంది.

"కొనేవాళ్లు వచ్చారమ్మా," అంది ఆవిడ. "ఆరేళ్లుగా మూలపడి ఉన్న బండిని నడిపి చూపిద్దామని తీస్తే పది నిమిషాలకే ఉడికిపోయింది. ఇంత పాత బండి ముట్టుకునేది మీరు తప్ప ఎవరున్నారు?"

స్టూలు మీద కూర్చున్న తండ్రి వైపు చూసింది ఆమె. ఊరంతటికీ ఆయన పెద్దమేస్త్రి. ఇప్పుడా ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఆరేళ్ల కిందట ఈ కారే ఎత్తు రోడ్డు మీద ఇలాగే మరిగింది. మాస్టారు తొందరపడలేదు. పావుగంట ఆగారు. రేడియేటర్ అడుగున అరచెయ్యి ఆనించి చూశారు. చల్లగా ఉంది. 'అడుగు చల్లగా ఉంటే మూత తియ్యొచ్చు మాస్టారూ' అని నేర్పింది చిన్నమేస్త్రి, ఆమె బాబాయి. మాస్టారు మూత తిప్పారు. మరిగిన నీళ్లు ముఖాన విరుచుకుపడ్డాయి. రెండు కళ్లూ పోయాయి.

నింద బాబాయి మీద పడింది. తమ్ముణ్ణి పెద్దమేస్త్రి షెడ్డులోంచి పంపేశాడు. ఆ పేరు ఇక ఈ కప్పు కింద వినపడకూడదన్నాడు. కళ్లు పోగొట్టినవాడన్న మాట అతనికంటే ముందు నడిచి, ప్రతి షెడ్డు గుమ్మంలోనూ నిలబడింది. చివరికి ఏదో గోదాముకు కాపలా కాస్తూ, దగ్గర మనిషన్నవాడు లేకుండా, నిరుడు పోయాడు. కబురు తెచ్చిన ఉత్తరాన్ని తండ్రి చదివాడు, మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు. అన్నం మాత్రం మూడు రోజులు ముట్టలేదు.

"విప్పకు అమ్మాయ్," అన్నాడు తండ్రి. "పాత రేడియేటర్ పీకి అవతల పారేయ్. కొత్తది కట్టిద్దాం."

ఆమె గోడ వైపు చూసింది. ఇంజన్ ఆయిలు మరకల మధ్య తండ్రి స్వహస్తాలతో రాసిన అక్షరాలు: తీసిన భాగాన్ని యజమాని ముందే కోసి చూపిస్తాం. ముప్పై ఏళ్లుగా ఆ మాట తప్పలేదు.

"రాసింది నువ్వే కదా నాన్నా."

"అవన్నీ కళ్లున్న..." అని నాలిక కరుచుకున్నాడు.

"ఫరవాలేదు మేస్త్రీ," మాస్టారు బల్ల తడుముకుని కూర్చున్నారు. "కొయ్యమ్మా. చూడలేకపోతేనేం, వింటాను. పరీక్ష హాల్లో నలభై ఏళ్లు చెవులతోనే కాపీలు పట్టుకున్నాను."

ఎవరూ నవ్వలేదు.

ఆమె చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్‌ను తాకింది. పైన నిప్పు. అడుగున, ఇప్పటికీ, కుండలో నీళ్లంత చల్లదనం. ఒకే పెట్టె, పై అంతస్తు తగలబడుతుంటే కింది అంతస్తుకు కబురే అందనట్టు. నీళ్లు కిందికి దిగితే కదా అడుగు కాలడం! బాబాయి చెప్పిన మాట మంచి రేడియేటర్‌కు వేదవాక్కు. గొంతు పూడిన రేడియేటర్‌కు ఉరితాడు.

బండి పూర్తిగా చల్లారేదాకా ఆగింది. నీళ్లు వదిలింది. రేడియేటర్‌ను ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టి, పైతొట్టి అతుకు వెంట గ్యాసు మంట చూపించింది. సీసం మెత్తబడి, చుక్కచుక్కగా జారసాగింది. దాంతోపాటు వాసన లేచింది.

మాస్టారు తల ఎత్తారు.

"గుడ్డు మాడిన వాసన," అన్నారు మెల్లగా. "ఆ రోజూ ఇదే. నా ముఖమే మాడుతోందనుకున్నాను."

తొట్టి ఊడి వచ్చింది. నిలువుగా వరుసలు తీరిన సన్నటి గొట్టాలు. ఒక్కదానికీ నోరు లేదు. పసుపు తిరిగిన తెల్లటి పెచ్చు, రాయిలా, అన్నిటినీ పూడ్చేసింది.

ఆమెకు తెలుసు. చిన్నప్పుడు చిల్లిపడ్డ రేడియేటర్లలో పొయ్యడానికి తన చేతనే గుడ్లు కొట్టించేవాడు తండ్రి. 'తెల్లసొన చాలు. మరిగే నీళ్లలో గడ్డకట్టి చిల్లి మూస్తుంది. కొత్తది దొరికేదాకా బండి ఓపిక పడుతుంది' అనేవాడు. బాబాయికి ఆ పద్ధతంటే ఒళ్లు మంట. 'ఇంజనుకు టిఫిను పెడుతున్నావా అన్నయ్యా? చిల్లి మూసేది దారి మూసెయ్యదా?' అంటే షెడ్డంతా గొల్లుమనేది.

"ఏముందమ్మా అందులో?" అడిగారు మాస్టారు.

తుప్పు. ఆ ఒక్క మాట చాలు. అది ఆమె నాలిక చివర సిద్ధంగా ఉంది. చూడలేని మనిషి, బండి సంగతి తెలియని భార్య, అడ్డుచెప్పేవారెవరు? తండ్రి కళ్లు ఆ మాట కోసమే చెయ్యి చాపి అడుక్కుంటున్నాయి. ఆ ముసలి చేతులే తనకు అన్నం పెట్టాయి, రెంచీ పట్టడం నేర్పాయి.

మంట ఆర్పింది.

"తెల్లసొన, మాస్టారూ. గొట్టాలన్నీ పూడిపోయాయి. అందుకే అడుగు చల్లగా ఉంది."

"ఎవరు పోశారు? ఆ చిన్నమేస్త్రేనా?"

స్టూలు కిర్రుమంది. తండ్రి లేచి నిలబడ్డాడు.

"నేను పోశాను," అన్నాడు. "ఆ సాయంత్రమే బండి కావాలన్నారు మీరు. వాడికి తెలిస్తే పొయ్యనివ్వడని, వాడు లేనప్పుడు పోశాను. వారంలో కడిగేద్దామనుకున్నాను."

"మరి అతన్ని..."

"మీకలా అయిందని కబురొచ్చినప్పుడు వాడు నా ముఖం చూశాడు మాస్టారూ. చూసి తెలుసుకున్నాడు. 'నేర్పింది నేను, తప్పు నాదే' అని నలుగురిలో వాడే అనేశాడు." ఆయన గోడ మీది అక్షరాల వైపు చూశాడు. "నేను కాదనలేదు. అంతే. నోరు విప్పలేదు."

"ఇప్పుడెక్కడున్నాడు?" మాస్టారి భార్య అడిగింది.

"నిరుడు పోయాడమ్మా."

కరిగిన సీసం బొట్టు ఒకటి బల్ల అంచున వేలాడి, నేల మీద టప్పున పడింది.

మాస్టారు నల్లకళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే లేచి అతన్ని తిట్టుకుంటున్నాను మేస్త్రీ. పేరైనా తెలియదు. చిన్నమేస్త్రీ, నీ చేతులు పడిపోను, అని తిట్టాను. చచ్చిపోయాక కూడా ఏడాదిపాటు తిట్టాను." ఆయన మేస్త్రి గొంతు వినిపించిన వైపు తల తిప్పారు. "నిన్నేం చెయ్యాలో తర్వాత ఆలోచిస్తాను. ముందు అతని పేరు చెప్పు. క్షమించమని ఎవర్ని అడగాలో నాకు తెలియాలి."

తండ్రి నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. ఆరేళ్లుగా ఈ కప్పు కింద ఎవరూ పలకని పేరు. పూడిన గొట్టంలోంచి నీరు రాదే, అలా గొంతులోనే ఆగింది. ఆమె దగ్గరికి వెళ్లి నిలబడింది. చెయ్యి మాత్రం పట్టుకోలేదు. ఆ పేరు తాను అందించనూ లేదు. అది ఆయనే పలకాలి.

ఆయన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, బండి అటువైపు నుంచి పానా అందించమని ఒకప్పుడు పిలిచినట్టే పిలిచాడు.

"శేషగిరీ!"