నాలుగు గిలాసల బియ్యం

"జర గా గిన్నె ఊడ్చెయ్యరాదా సునందా. గింత అన్నానికి మళ్ళ ఫ్రిజ్‌ల జాగ ఎందుకు?"

అత్తగారు లక్ష్మీనర్సమ్మ ఈ మాటను కోపంగా అనలేదు. ఇరవై రెండేళ్ళుగా రోజూ అనే మాటలో కోపం ఎక్కడ మిగులుతుంది? సునంద కూడా నొచ్చుకోలేదు. పొద్దుటికి ఉంచాల్సింది వేరే తీసి, గిన్నెకు అంటుకున్న మెతుకుల్ని గరిటెతో గీరి, అడుగున ఉన్న పప్పు దానిమీద ఒంపుకుని, స్టవ్ పక్కన నిలబడే నాలుగు ముద్దలు మింగేసింది. దాన్ని ఆ ఇంట్లో భోజనం అనరు, సర్దడం అంటారు. ఆమె భోజనం అంతకు పావుగంట ముందే అయిపోయింది.

నాంపల్లి స్టేషన్ వెనుక సందులో ఉన్న ఆ మూడు గదుల ఇంటికి రెండు నియమాలున్నాయి. రాత్రి ఇంట్లో అన్నం పూర్తిగా ఖాళీ చేయకూడదు, లక్ష్మి వెళ్ళిపోతుంది. పొద్దున్న ఆ అన్నాన్ని పారబోయకూడదు, పాపం తగులుతుంది. ఈ రెంటి మధ్య ఎవరిదో ఒకరి కడుపు ఉండాలి కదా, అది సునందది. పొద్దున్నే భర్త పరశురాంకు, డిగ్రీ చదువుతున్న కూతురు స్వర్ణకు వేడివేడిగా ఇడ్లీయో ఉప్మానో. ఆమెకు మాత్రం రాత్రి మిగిలిన అన్నమే, ఉల్లిపాయ వేసి తాలింపు పెట్టుకుని. స్వర్ణ వదిలేసిన పెరుగన్నం, పరశురాం సగం కొరికి పెట్టిన చపాతీ ఇవి వేరే. ఇన్ని సర్దీ సర్దీ నలభై ఆరేళ్ళకు సునంద ఎనభై ఎనిమిది కిలోలు తూగింది. అప్పుడు అందరూ ఒకటే మాట చెప్పారు, నోరు కట్టుకోమని.

గన్‌ఫౌండ్రీలో ఆమె పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసులో కూడా అదే. లిఫ్ట్ దగ్గర పక్క సీటు లక్ష్మణరావు రోజూ తలుపు పట్టుకుని, "మేడం ఎక్కితే ఇద్దరు దిగాలె" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే 'హాస్యం తెలియని మనిషి' అంటారని భయం. పదకొండేళ్ళు ఒకే జోకుకు నవ్వడం కూడా ఒక ఉద్యోగమే, దానికి జీతం లేదు. ఆఫీసు పుట్టినరోజులన్నిటికీ కేకు కోసేది ఆమే, చివరి ముక్క ఆమె ముందుకే తోసేది వాళ్ళే, మళ్ళీ తర్వాత నవ్వేదీ వాళ్ళే.

ఆఫీసులో పెట్టిన ఉచిత పరీక్షల క్యాంపులో ఆమె మూడు నెలల షుగర్ ఆరు పాయింట్ మూడు అని తేలింది. ఇంకొక్క అడుగు వేస్తే షుగర్ జబ్బే. ఆ కాగితం చూడగానే సునందకు తల్లి గుర్తొచ్చింది. తల్లి యాభై నాలుగేళ్ళకు షుగర్ వల్ల కిడ్నీలు పోయి, వారానికి రెండుసార్లు దవాఖానలో మిషన్ పక్కన పడుకుని పడుకుని, చివరికి పోయింది. ఇంకా ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి సునందకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఎవరికీ చెప్పకుండా అబిడ్స్‌లో డాక్టర్ విద్యావతి దగ్గరకు వెళ్ళింది.

లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే క్షమాపణ చెప్పుకుంది. "నాకు కంట్రోల్ లేదు డాక్టర్ గారూ. నోరు కట్టుకోలేను."

"ఇది నోటి తప్పు కాదమ్మా, జబ్బు" అన్నారు డాక్టరు, ఆ మాట రోజుకు యాభైసార్లు అంటున్నంత మామూలుగా. "మీ అమ్మగారి నుంచి వచ్చింది కొంత. కూర్చునే ఉద్యోగం కొంత. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు? అయిదా? అదీ ఒక కారణమే. కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందడం లేదు మీకు. వారానికి ఒక ఇంజెక్షన్ ఉంది, ఆ పని అది చూస్తుంది. కానీ మందు ఒక్కటే చాలదు. నడవాలి, పప్పూ గుడ్డూ పెరుగూ ముందు తినాలి, అన్నం తర్వాత. కొన్నాళ్ళు వికారంగా ఉంటుంది. మధ్యలో ఎవరో ఏదో అన్నారని మీ అంతట మీరు మానేయకండి. ఇప్పుడు జాగ్రత్తపడితే షుగర్ వెనక్కి వెళ్ళే అవకాశం బాగా ఉంది."

జబ్బు అన్న మాటకు జనం భయపడతారు. సునందకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి, సంతోషంతో. జబ్బయితే మందు ఉంటుంది. తిండిపోతుతనానికి ఏ మందు ఉంటుంది?

ఇంజెక్షన్‌ను ఫ్రిజ్ తలుపులో నిమ్మకాయల పక్కన పెట్టింది. అత్తగారు తలుపు తెరిచి ఒక్క అడుగు వెనక్కి వేశారు. "నిమ్మకాయల పక్కన సూది వెట్టినవేందే? ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు?" పరశురాంకు వేరే బాధ. "సూదులేసుకొని సన్నబడుడేంది? నోరు కట్టుకుంటె పైస లేకుంట ఫుకట్‌ల అయితది." పొద్దున్నే నడకకు వెళ్తానంటే, "మరి ఛాయ్ ఎవరు వెడ్తరు?" అని అడిగాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలియక. సునంద వాదించలేదు. అరగంట ముందు బయల్దేరి ఆఫీసుకే నడవడం మొదలుపెట్టింది. నాంపల్లి నుంచి అబిడ్స్ మీదుగా, పెద్ద పోస్టాఫీసు దాటి గన్‌ఫౌండ్రీ దాకా. మొదటి వారం మూడుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకుంది. షట్టర్లు ఎత్తుతున్న దుకాణాల వాళ్ళు, బస్సుల కోసం పరుగెత్తే వాళ్ళు, ఆటోల మోత. అంత గుంపులో ఒక్కరూ ఆమె ఒంటి వైపు చూడలేదు. అది ఎంత హాయో ఆమెకు అప్పుడే తెలిసింది.

మూడో వారం ఆఫీసు బాత్రూంలో వాంతి చేసుకుంది. పరశురాం "చెప్తె ఇనవు, బంద్ చెయ్" అన్నాడు. ఆమె డాక్టరుకు ఫోన్ చేస్తే, నూనె తగ్గించి, నెమ్మదిగా తిని, చాలనిపించగానే ఆపమన్నారు. చాలనిపించగానే ఆపడం! సునందకు ఆ మాట కొత్తగా వినపడింది. వికారం మెల్లగా తగ్గింది. తగ్గాక ఆమెకు ఇంకొకటి తెలిసింది. తలలో ఏదో రేడియో ఆగిపోయినట్టు నిశ్శబ్దం. ఏం మిగిలింది, డబ్బాలో ఏముంది, ఎవరు ఏం వదిలేశారు అని రోజంతా నడిచే ఆ గోల లేదు. ఒక రాత్రి గిన్నె అడుగున అన్నం అలాగే కనపడింది. గరిటె పట్టుకుంది, చెయ్యి రాలేదు. చిన్న గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేసింది. మర్నాడు కూడా అంతే. ఆ తర్వాత కూడా.

ఆదివారం లక్ష్మీనర్సమ్మ పాల కోసం ఫ్రిజ్ తెరిచి, పాల సంగతే మరిచిపోయారు. పై అర నుంచి కింది అర దాకా స్టీలు గిన్నెలు. అన్నం, అన్నం, పప్పు, మళ్ళీ అన్నం.

"ఎవరికి వండుతున్నవే గింత? ఎన్నడన్న గిట్ల మిగిలిందా మనింట్ల?"

"సూది వెట్టుకున్నప్పటి సంది దీనికి అందాజ తప్పింది" అన్నాడు పరశురాం, పేపరు దించకుండానే.

"అందాజ తప్పలేదండి" అంది సునంద. "నేను కాపురానికొచ్చిననాడు అత్తమ్మ చెప్పింది, రాత్రికి నాలుగు గిలాసల బియ్యం అని. అప్పుడు మామయ్య ఉండె, మరుదులిద్దరు ఉండిరి. మామయ్య పోయిన్రు. మరుదులు వేరువడ్డరు. గిలాసలు మాత్రం తగ్గలే. ఇయ్యాల్టికి గవే నాలుగు."

పరశురాం పేపరు దించాడు. "మరి గిన్నేండ్లు ఆ మిగిలిందంత ఏడికి పోయింది?"

పాపం, అమాయకంగానే అడిగాడు. స్వర్ణ తల్లిని తలనుంచి కాళ్ళదాకా చూసింది. సునంద తన పొట్టమీద చెయ్యి వేసుకుంది.

"ఈడికి" అంది.

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక గానీ ఆమెకే అర్థం కాలేదు. మనిషిని చెత్తబుట్ట చేసి, అది నిండిందని నవ్వారు ఇన్నాళ్ళూ. తనూ వాళ్ళతో కలిసి నవ్వింది. అందరి నవ్వుకంటే తన నవ్వే ఆమెకు ఎక్కువ బాధనిపించింది.

అత్తగారు ఏడ్చారు. "అంటె నా పెంపకం తప్పు, నా వంట తప్పు, గదేనా?" అని తలుపు వేసుకున్నారు. పరశురాం లోపలికీ బయటికీ తిరిగి, చివరికి తేల్చేశాడు. "ఇంట్ల లొల్లి అయితుంది. గా సూదులు బంద్ చెయ్. ముందట్లెక్కనె ఉందాం."

ముందట్లాగే. బుధవారం పొద్దున సూది చేతిలో పట్టుకుని సునంద ఆ మాటే తలుచుకుంది. ఇంట్లో మూడురోజులుగా మాటల్లేవు. మానేస్తే ఈ పూటకే అందరి మొహాలూ విప్పారతాయి, గిన్నెలు ఖాళీ అవుతాయి, ఇల్లు ఇల్లులా ఉంటుంది. తన తల్లి కూడా ఇల్లు ఇల్లులా ఉండాలనే దవాఖానకు వెళ్ళడం వాయిదా వేసింది. వేసీ వేసీ మిషన్ పక్కన పడుకుంది. సునంద పొట్టమీద చర్మం పట్టుకుని సూది గుచ్చుకుంది. ఆ సాయంత్రం బియ్యం రెండు గిలాసలే కొలిచింది. లక్ష్మి కోసం గిన్నెలో ఒక పిడికెడు అన్నం ఉంచి, పొద్దున్న దాన్ని పిట్టగోడమీద పిచ్చుకలకు వేసింది. లక్ష్మి వైపు నుంచి ఇంతవరకూ ఫిర్యాదు రాలేదు.

నాలుగు నెలలకు ఎనిమిది కిలోలు తగ్గింది. షుగర్ అయిదు పాయింట్ ఎనిమిదికి దిగింది. "మందు ఇంకా చాలాకాలం వాడాల్సి రావచ్చు, మానేస్తే బరువు తిరిగి రావచ్చు" అని డాక్టరు దాచకుండా చెప్పారు. కండలకు బలం రావాలని చిన్న చిన్న బరువులు ఎత్తమన్నారు. సునంద కందిపప్పు ప్యాకెట్లు ఎత్తుతుంటే స్వర్ణ పక్కన నిలబడి అంకెలు చెప్పేది. అత్తగారు మాట్లాడుతున్నారు గానీ, ముభావంగానే.

ఆ రోజు ఆఫీసు నుంచి నడిచి వచ్చేసరికి ఏడు దాటింది. కాళ్ళు కడుక్కుని వంట పూర్తిచేసింది. కుక్కర్ మూత తీయగానే కడుపులో ఏదో లాగినట్టయింది. మళ్ళీ మందు వికారమేమో అనుకుని గోడకు ఆనుకుంది. వికారం కాదు. గ్యాసూ కాదు. పొట్ట మధ్యలో ఖాళీగా, శుభ్రంగా, చిన్నపిల్ల కొంగు పట్టుకుని గుంజినట్టు ఏదో పిలుస్తోంది. ఎప్పుడో బడి నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చిన రోజుల్లో తెలిసింది అది. ఇన్నేళ్ళూ అది వచ్చేలోపే ఎవరిదో మిగులు వచ్చి పడేది.

సునంద కంచం తీసింది. గుడ్డు, పప్పు, ఆకుకూర, గుప్పెడు అన్నం పెట్టుకుంది. టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై రెండేళ్ళలో అన్నంమీద ఆవిరి ఇంకా ఉండగా ఆమె తినడం అదే మొదలు.

లక్ష్మీనర్సమ్మ టీవీ ముందు నుంచి లేచి వచ్చి గుమ్మంలో ఆగారు. "ఏందే, మావాడింక రాకముందే కూసున్నవ్?"

"ఆకలైతుంది అత్తమ్మా."

అత్తగారి మొహంలో కోపం లేదు, తెలియని మనిషి ఇంట్లోకి వచ్చినప్పటి తడబాటు ఉంది. మెల్లగా అన్నారు.

"ఆకలైతుందని నువ్వు చెప్పంగ నేనెన్నడు ఇనలేదే."

సునంద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది.

"నేను గూడ ఇనలే అత్తమ్మా" అంది.