అడ్మిన్ మా ఆవిడ

మా ఆవిడ పోయిన మూడో నెలలో మా బావమరిది స్వీట్ల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. అక్క ఉన్నన్నాళ్లూ చేతులూపుకుంటూ వచ్చినవాడు. ఏదో పనుందని అర్థమైంది.

"బావా, అక్క ఫోన్ ఉందా?"

"ఉంది."

"పనిచేస్తోందా?"

"ఎందుకో చెప్పు."

మేం ముగ్గురం ఒకే లాండ్రీలో పనిచేశాం. ఆసుపత్రుల నుంచి దుప్పట్లు, ఆపరేషన్ గుడ్డలు వస్తాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి పంపాలి. నాది బాయిలరు. మా ఆవిడది మడత బల్ల. వీడు ఆ మడత విభాగానికి సూపర్‌వైజరు. ఇంట్లో తమ్ముడు, గేటు దాటితే సార్.

లాండ్రీలో సలహాల పెట్టె ఒకటుండేది. తాళంచెవి మేనేజరు దగ్గర. చీటీ వేసినవాణ్ని చేతిరాత చూసి పట్టుకునేవాళ్లు. ఒకతను తాగేనీళ్లు బాగా లేవని రాస్తే, నీళ్లు బాగున్న చోటికి పొమ్మన్నారు. ఆ తర్వాత పెట్టెలో చాక్లెట్ కాగితాలు తప్ప ఇంకేం పడలేదు.

అప్పుడు మా ఆవిడ ఫోన్లో గ్రూపు పెట్టింది. లాండ్రీవాళ్లకే. పేరు కనపడకుండా రాయొచ్చు. ఆమె చూసి వదిలితేనే అందరికీ కనిపిస్తుంది. బూతులు, ఇళ్ల సంగతులు వదిలేది కాదు. పని సంగతైతే ఎవరి మీదైనా వదిలేది. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర నిలబడి, ఒక్కొక్కరి ఫోనూ అడిగి తీసుకుని, తనే నొక్కి చేర్చేది. మొదటి పోస్టు తనదే: చిరిగిన చేతొడుగులే ఉతికి మళ్లీ ఇస్తున్నారని. తర్వాత ఫ్యాన్ల సంగతి వచ్చింది. మూత లేని బ్లీచింగు డ్రమ్ము ఫొటో వచ్చింది. కొన్నాళ్లకు ఆడపేరు పెట్టుకుని, గులాబీ పువ్వు ఫొటోతో మేనేజరు కూడా చేరాడు. ప్రతిదాని కిందా "తగిన చర్యలు తీసుకోబడును" అని రాస్తుంటే ఎవరో కనిపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? అందరూ అతన్ని "గులాబీ అక్కా" అని పిలిచి ఏడిపించేవాళ్లు.

చర్యలు మాత్రం ఏం తీసుకోబడలేదు. ఫ్యాన్లు రాలేదు. చేతొడుగులు రాలేదు. ఆ గ్రూపు చూసి కంపెనీ తెల్లారేసరికి సరిచేసింది ఒక్కటే ఒక్కటి.

మా ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. కాళ్లు వాచేవి. డాక్టరు నిలబడొద్దన్నాడు. బల్ల దగ్గర స్టూలు వేయించుకుంది. కూర్చుని మడిస్తే చేయి సాగదు, మడతలు తగ్గుతాయి. ఒకరోజు పేరు లేకుండా వచ్చింది: "కొందరు కూర్చుని జీతం తీసుకుంటున్నారు. వాళ్ల వాటా మేం మడిచి నడుములు పోగొట్టుకుంటున్నాం. సూపర్‌వైజరుకి అక్కయితేనే స్టూలా?"

మర్నాడు స్టూలు లేదు. మోసుకుపోయింది మా బావమరిదే. "పైనుంచి చెప్పారు బావా" అన్నాడు.

ఆ పోస్టు వదిలింది మా ఆవిడే. ఎవరు రాశారని అడిగాను. "పేరు లేదుగా" అంది. ఆపొచ్చుగా అన్నాను. "నా మీద రాసింది ఆపితే ఆ పెట్టెకీ నాకూ తేడా ఏముంది?" అని, కాళ్లు గోడకు ఆనించి పడుకుంది. మంచం పట్టేదాకా నిలబడే మడిచింది.

ఇప్పుడు ఆ స్టూలు మోసినవాడే స్వీట్ల డబ్బా విప్పి నా ముందుకు తోశాడు.

"కొత్త హెచ్ఆర్ మేడం వచ్చింది బావా. అక్క గ్రూపు చూసి ముచ్చటపడింది. దాన్ని కంపెనీ గ్రూపు చేద్దామంటోంది. ఫీడ్‌బ్యాక్ కమ్యూనిటీ అంట. పైన అక్క ఫొటో పెడతారు. నువ్వు ఆ ఫోన్ నుంచి మేడమ్‌నీ నన్నూ అడ్మిన్లను చేస్తే చాలు. అసిస్టెంట్ మేనేజరు పోస్టుకి నా పేరు రాస్తానంది."

"అక్క ఫొటో, నీ ప్రమోషను. బాగుంది."

"ఎప్పుడూ పుల్లవిరుపు మాటలే నీకు. ఇంకోటి విను. పేరు లేకుండా రాసినవాళ్ల పేర్లు కూడా అడ్మిన్‌కి కనిపిస్తాయంట. పాతవి కూడా. అక్క స్టూలు సంగతి ఎవరు రాశారో నీకూ తెలుస్తుంది."

నాకు లాభం చూపిస్తున్నాననుకుని చెప్పాడు. నాకు తెలిసింది వేరు. మా ఆవిడ అంతా చూసి, పేరు లేదని నాతో అబద్ధం ఆడింది.

చూద్దాంలే అన్నాను. వాడు పోయాక కూడా ఫోన్ తీయలేదు. పేరు తెలిస్తే ఒక్కరినే అసహ్యించుకోవాలి. తెలియకపోతే అందరినీ సమానంగా అసహ్యించుకోవచ్చు. నాకు అదే తేలిక.

మా బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. రెండు రోజుల్లో లాండ్రీ అంతా పాకింది. వేడికి భయపడి బాయిలరు గది వైపు తొంగిచూడనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా ఆరోగ్యం అడిగారు. ఉతికే మిషను అతను, "అన్నా, మేనేజరు మీద నేను ఏదో తమాషాకి రాశాను" అన్నాడు. ఇస్త్రీ ఆవిడ, తన ఫోన్ ఎప్పుడూ మేనల్లుడి దగ్గరే ఉండేదంది. గొర్రెల మందలో తోడేలు పడ్డట్టుంది. ఆ తోడేలు నేను.

ఆఖరికి గలగల వచ్చింది. మా ఆవిడ పక్క బల్ల ఆమెది. నోరు మూత పడదు కాబట్టి ఆ పేరు. మా ఆవిడను అక్కా అనేది, నన్ను బావగారూ అంటుంది. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో నాకు అన్నం తెచ్చిపెట్టింది.

"తిన్నారా?" అంది.

"తిన్నా."

వెనక్కి తిరిగి గది తలుపు దగ్గరికి వేసింది.

"బావగారూ, ఫోన్ ఇచ్చేస్తున్నారా?"

"ఇస్తే?"

"ఆ డ్రమ్ము ఫొటో పెట్టింది నేనే. అది ఎలాగో ఆసుపత్రివాళ్ల దాకా పోయింది, వాళ్లు మేనేజరుకి గడ్డి పెట్టారు. నా పేరు తెలిస్తే గేటు బయట ఉంటాను. ఇల్లు నా ఒక్కదాని మీద నడుస్తోంది. మా ఆయన సంగతి మీకు తెలుసు."

"తెలుసు."

"ఇంకోటి కూడా చూసే ఉంటారు."

నేను చూడలేదు. ఏమీ మాట్లాడలేదు కూడా. ఆ మౌనాన్ని ఆమె ఇంకోలా అర్థం చేసుకుంది.

"స్టూలు తీసేస్తారనుకోలేదు బావగారూ. ఒట్టు. ఇంకో మనిషిని వేస్తారనుకున్నాను. అక్క దగ్గర మిగిలినవన్నీ మీ బావమరిది తెచ్చి నా బల్ల మీద పడేసేవాడు. రాత్రికి నడుం వంగేది కాదు. అక్క మొహం మీద ఎలా అనను? అందుకే అక్కడ రాశాను."

"పేరు కనపడదనుకున్నావు."

"అనుకున్నా. అక్క చూసిందని మొన్నే తెలిసింది. నేను రాసిన మర్నాడు నడుముకి రాసుకోమని నూనె సీసా తెచ్చిచ్చింది. నేను చెప్పకుండా ఈమెకెలా తెలిసిందా అనుకున్నాను."

ఆ సీసా మా ఇంట్లోదే. ఏమైందని అడిగితే ఒలికిపోయిందని చెప్పింది మా ఆవిడ.

బాయిలరు గేజీలో ముల్లు పైకెక్కింది. లేచి వాల్వు కాస్త వదిలాను. ఆవిరి మోత తగ్గేదాకా ఆమె అక్కడే నిలబడింది.

"క్షమించానని ఒక్క మాట అనండి బావగారూ."

"నీకు కావలసింది ఆ మాటా, ఉద్యోగమా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతులే.

"ఉద్యోగం."

"అయితే పోయి మడుచుకో."

మర్నాడు హెచ్ఆర్ అమ్మాయి పిలిచింది. చల్లటి గది. కుర్చీ చూపించింది. కూర్చోలేదు, నా బట్టలకు మసి. "అంకుల్, ఆంటీ పెట్టింది మామూలు గ్రూపు కాదు. పనివాళ్లందరికీ అదో ధైర్యం" అంది. "ధైర్యానికి పేర్లెందుకమ్మా మీకు?" అన్నాను. నవ్వింది. వెనక మా బావమరిది చేతులు నలుపుకుంటూ, "మా బావ మాట అలాగే ఉంటుంది మేడం, మనసు వెన్న" అన్నాడు. సోమవారం చెబుతానని వచ్చేశాను.

ఆదివారం పొద్దున బీరువాలోంచి ఫోన్ తీశాను. ఊరికే మూసేయడం కుదరదు. అందరినీ ఒక్కొక్కరిగా తీసేస్తేనే గ్రూపు పోతుంది. ముందు గులాబీ పువ్వును తీశాను. తర్వాత మిగతావాళ్లను. కొందరు మా ఆవిడ పోయాక కూడా రాసిపెట్టారు. "అక్కా, ఇది కాస్త వదులు" అని ఒకరు. ఎవరన్నది చూడలేదు. గలగల ఫొటోలో పక్కన మా ఆవిడ కూడా ఉంది, ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. తీశాను. క్షమించి కాదు. మా ఆవిడ పేరు అడ్డం పెట్టుకుని ఎవడో ఇంకొకరి కూడు తీస్తానంటే నాకు పడదు. అంతే.

ఆఖరికి మా ఆవిడ ఒక్కతే మిగిలింది. నువ్వు కూడా వెళ్తే గ్రూపు ఉండదు, వెళ్తావా అని అడిగింది ఫోన్. నొక్కాను.

సాయంత్రానికే మా బావమరిది వచ్చాడు. చేతిలో డబ్బా లేదు.

"నా నోట్లో మట్టి కొట్టావు కదా బావా. మా అక్క గుర్తు అదొక్కటే ఉంది, అదీ తుడిచేశావు."

"గుర్తు కావాలంటే ఆ స్టూలు స్టోరులో ఉంది. తెచ్చుకో. మోసుకెళ్లి పెట్టిన చోటు నీకు తెలుసుగా."

వాడు మళ్లీ నా గుమ్మం తొక్కలేదు. పీడా పోయింది.

కంపెనీ తనే కొత్త గ్రూపు పెట్టింది. అందులో పేరు పెట్టే రాయాలి. మొదటి పోస్టు యాజమాన్యానికి ధన్యవాదాలు. రెండోది నా మీద. బాయిలరు మనిషి పేర్లన్నీ మేనేజరుకి అమ్ముకుని, ఆ తర్వాత గ్రూపు చెరిపేశాడని, భార్య కష్టాన్ని తాకట్టు పెట్టాడని. రాసింది ఉతికే మిషను అతను. నా మీద రాయడానికి పేరు దాచుకోనక్కర్లేదు కదా. కింద బోలెడన్ని లైకులు. అన్నాలు తినేచోట ఒకడు ఫోన్ నా మొహం దగ్గర పెట్టి మరీ చూపించాడు. ఆ లైకుల్లో గలగలది కూడా ఉంది. కొట్టకపోతే అనుమానిస్తారని కొట్టి ఉంటుంది.

బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చినవాడు లేడు. నిలబడే తిన్నాను. ఆమె నాలుగు అడుగుల దూరంలో కూర్చుని తల వంచుకుని తింటోంది. ఒక్క మాట చెబితే నా మీద పడ్డ బురద పోతుంది. చెప్పాలంటే డ్రమ్ము సంగతి చెప్పాలి, స్టూలు సంగతి చెప్పాలి. చెప్పదు. చెబితే నేను చేసింది దండగ.

ఆమె ఉద్యోగం పదికాలాలు చల్లగా ఉండాలి. ఆమె మొహం మాత్రం నేను చూడను.