ట్యాంకు మూత మీద సంతకం

గాలిలో ఇంజిన్ దగ్గి ఆగిపోయింది ఒక్కసారే. మొలకెత్తిన గోధుమ చేలో ఎలాగో దింపి ప్రాణాలతో బయటపడ్డాడు రాదివోయ్. ఆ తర్వాత మూడు రోజులు షెడ్డులోనే ఉండి, తన కంటే రెండేళ్ళు పెద్దదైన ఆ రెండు సీట్ల పాత విమానాన్ని ఊడదీసి చూశాడు. పెట్రోలు గొట్టాలు ఊదాడు, జల్లెడ కడిగాడు, కార్బురేటర్ విప్పాడు. చివరికి ట్యాంకు కింది గాజు గిన్నెలో బొటనవేలి మందాన నీళ్ళు కనిపించాయి.

శీతాకాలమంతా సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చెమ్మ చేరడం వింతేమీ కాదు. ఎన్నో ఏళ్ళు పొలాలకు మందు చల్లే విమానాలు బాగుచేసినవాడికి అది తెలియనిదీ కాదు. కానీ అనుమానం పట్టాక నేర్చిన విద్యంతా మరిచిపోయాడు మహానుభావుడు. నీళ్ళు ఎవరో పోశారనుకున్నాడు. షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి తన దగ్గర, రెండోది బొగోల్యుబ్ దగ్గర.

బొగోల్యుబ్‌కి ఆ విమానంలో సగం వాటా. పైగా రాదివోయ్‌కి కూమ్. అంటే పెళ్ళిలో సాక్షిగా పక్కన నిలబడినవాడు, ఇద్దరు కూతుళ్ళకూ జ్ఞానస్నానం చేయించినవాడు. వాళ్ళుండే బానాత్ మైదానంలో సొంత తమ్ముడితో కోర్టుకెక్కినా ఎవరూ ఏమీ అనరు. కూమ్‌ను వేలెత్తి చూపితే మాత్రం ఊరు మొహం చూడదు. అందుకే రాదివోయ్ పైకి నోరు మెదపలేదు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాడు. నెల క్రితం వియన్నా నుంచి ఒక ఆసామి వచ్చి విమానం అమ్ముతారా అని అడిగితే, ఇచ్చేద్దామన్నది బొగోల్యుబే. ససేమిరా అన్నది తను. భయపెట్టి అమ్మించాలని చూస్తున్నాడు, ఇంకేముంది అని తేల్చేసుకున్నాడు.

శనివారం ట్యాంకు నిండా పెట్రోలు పోసి, రెక్క మీది మూతను మొత్తం కప్పేలా వెండి రంగు టేపు అంటించాడు. టేపు మీద సంతకం చేశాడు. ఎవడు ముట్టుకున్నా తెలిసిపోవాలి.

మర్నాడు బొగోల్యుబ్ చర్చి నుంచి నేరుగా వచ్చాడు. జార్జి పండుగ కదా, చెల్లెలి ఊరి మీద ఒక చుట్టు తిరిగొస్తానన్నాడు. నిచ్చెన అందుకోబోతూ అడిగాడు.

"కూమా, పెట్రోలు చూశావా?"

"నిండా ఉంది. నేనే చూశాను."

బొగోల్యుబ్ నిచ్చెన వదిలేశాడు. కూమ్ చూశానన్నాక మళ్ళీ ఎక్కి చూడటమంటే అతన్ని అవమానించడమే. రాదివోయ్‌కి అందులోనూ దొంగబుద్ధే కనిపించింది. మూత దగ్గరికి పోవడానికి వెనకాడుతున్నాడు చూడు, అనుకున్నాడు.

విమానం వెళ్ళాక కాఫీ కాచుకుని, బల్ల మీద పడి ఉన్న ఒక పాత మూతను తుడుస్తూ కూర్చున్నాడు. దాని నడుమ సూది మొనంత బెజ్జం, అందులో మురికి. పిన్నుతో పొడిచి, అలవాటు కొద్దీ నోటితో ఊదాడు. గాలి అవతలికి పోయింది. రాదివోయ్ చేయి అక్కడే ఆగిపోయింది.

పెట్రోలు తగ్గేకొద్దీ ఆ బెజ్జంలోంచే ట్యాంకులోకి గాలి పోవాలి. గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు, ఇరవై నిమిషాల్లో ఇంజిన్ ఆగుతుంది. విమానం మూతకున్న ఆ బెజ్జాన్ని తన చేత్తోనే టేపుతో మూసి, పైన సంతకం కూడా పెట్టాడు. విమానంలో రేడియో లేదు.

బయటికి పరుగెత్తాడు. విమానం అమ్ముకో, తగలబెట్టుకో, నువ్వు మాత్రం దిగరా నాయనా అని ఏడుస్తూ పరుగెత్తాడు. కాలువ అవతల విమానం చప్పుడు లేకుండా గొర్రెల బీడులోకి జారుతోంది.

అతను చేరేసరికి బొగోల్యుబ్ చక్రం మీద కాలుపెట్టి రెక్క మీదికి చూస్తున్నాడు. టేపు పట్టి లాగాడు. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది.

"సంతకం నీదే కదా?"

"నాదే."

రాదివోయ్ ఒక అబద్ధం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. నీళ్ళ సంగతి, వియన్నా ఆసామి సంగతి అంతా కక్కేశాడు. బొగోల్యుబ్ అరవలేదు.

"నువ్వు చూశానన్నావని నేను నిచ్చెన ఎక్కలేదు" అన్నాడు.

రాదివోయ్ క్షమించమన్నాడు. రెండుసార్లు అన్నాడు. బొగోల్యుబ్ టేపును మడిచి జేబులో పెట్టుకుని, విమానం వెనక వైపు చూపించాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను రాదివోయ్‌ని కూమా అని తప్ప మరోలా పిలిచి ఎరగడు.

"రాదివోయ్ గారూ, తోక మీరు పట్టుకోండి. రోడ్డు దాకా నెడదాం."

రాదివోయ్ వెళ్ళి తోక పట్టుకున్నాడు.