తలుపు వేసే ఉంది

పాలు తీయాలి. తలుపు వేయాలి. వేశాక అరచేత్తో నొక్కాలి. నొక్కాక చెవి ఆనించి వినాలి. అనుమానంగా ఉంటే మళ్ళీ తీసి, మళ్ళీ వేయాలి. ఆ తర్వాత ఎవరినైనా పిలిచి చూపించాలి.

పిలవడానికి ఎవరూ లేకపోతే... ఫ్రిజ్ జోలికే వెళ్ళకూడదు.

ఆ ఇంట్లో అత్త చేయవలసిన పనులు ఇవి.

నున్నటి తెల్లటి తలుపు. దాని మీద, సూదిపోట్లకు గరుకెక్కిన ఒక ముసలి అరచెయ్యి.

అత్త అంటే ఆ ఇంటి కూతురికి మేనత్త. తండ్రికి అక్క. వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి. ఒకసారి టేపు వేస్తే చాలు, రాసుకోనక్కరలేదు — ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుం ఎప్పుడు పెరిగిందో అన్నీ ఆమె బుర్రలోనే ఉండేవి.

ఆ బుర్రకే మతిమరుపు అని పేరు పెట్టారు.

పెట్టింది డాక్టరు కాదు.

మంచు.

ఫ్రీజర్ వెనక గోడకి మొదట తెల్లటి నూగు. తర్వాత పొర. తర్వాత గడ్డ. పైన రాయిలా బిగుసుకున్న మంచు, కింది అరలో మాత్రం విరిగిన పాలు, వాడి వేలాడే ఆకుకూర.

“వదినా, మళ్ళీ తలుపు తీసే వదిలేశారా?” అనేది అమ్మ.

“వేసినట్టే గుర్తమ్మా.”

“నీ గుర్తు సంగతి మాకు చెప్పకక్కా,” అనేవాడు నాన్న, పేపరు దించకుండానే.

ప్లగ్గు పీకేవారు. తలుపులు బార్లా తెరిచి, కింద పాత తువ్వాళ్ళు పరిచేవారు. గడ్డ కరిగి, కారి, వంటిల్లంతా చిత్తడయ్యేది. తుడిచేది అత్తే. తప్పు ఆమెది కదా మరి.

ప్లగ్గు పెట్టాక ఫ్రిజ్ కొన్నాళ్ళు బుద్ధిగా ఉండేది. ఆ కొన్నాళ్ళూ అత్త జాగ్రత్తగా ఉందనుకునేవారు.

మళ్ళీ మంచు.

మళ్ళీ అత్త మరిచిపోయింది.

ఒకసారి అత్త బంధువుల పెళ్ళికి వెళ్ళింది. ఆమె బస్సెక్కిన పూటే అమ్మ ఫ్రిజ్ కరిగించి కడిగింది. అత్త ఊళ్ళో లేని ఆ వారమంతా గోడ నున్నగా ఉంది. అత్త వచ్చింది... మంచూ వచ్చింది.

రుజువు దొరికింది.

అప్పుడే కరిగించిన ఫ్రిజ్‌కి గడ్డ కట్టాలంటే వారం చాలదని ఎవరికీ తోచలేదు. నాన్న బంధువులకి ఫోన్లు చేశాడు. “అక్కకి కాస్త మతి తప్పుతోందిరా,” అని. గొంతు తగ్గించే చెప్పాడు. పక్క గదిలోకి వినబడేంతగా తగ్గించి.

ముందు స్టవ్ ముట్టుకోవద్దన్నారు. తర్వాత వీధి తలుపు తాళంచెవి తీసేసుకున్నారు. తర్వాత, సూది గుచ్చుకుంటుందని కుట్టుమిషన్ అటకెక్కించారు.

సూదితోనే బతికిన మనిషికి సూది గుచ్చుకుంటుందట.

మెకానిక్ వచ్చాడు. సంచీ కింద పెట్టేలోపే అమ్మ చెప్పేసింది — పెద్దావిడ తలుపు వేయడం మరిచిపోతారని. అతను రబ్బరు అంచు వేలితో తడిమి తల ఊపాడు. “అదేనండీ. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఇదే గొడవ.”

అమ్మ నోట్లోంచి వెళ్ళిన మాట, టూల్స్ సంచీ తగిలించుకుని తిరిగొచ్చింది. ఇక దానికి తిరుగులేదు.

ఆ తర్వాత, ఫ్రిజ్ మళ్ళీ కరిగించి కడిగిన మర్నాడే, అత్తకి కంటి ఆపరేషన్ అయింది.

కట్టు. మంచం. చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేదు. కూతురు ఆఫీసుకి రెండు వారాలు సెలవు పెట్టి పక్కనే ఉంది. అన్నం పెట్టింది, కంట్లో చుక్కలు వేసింది. అత్త వంటింటి గడప తొక్కలేదు. ఒక్కసారి కూడా.

మంచు వచ్చింది.

నూగు... పొర... గడ్డ.

“ఇప్పుడెవరు తీశారు నాన్నా తలుపు?”

“నువ్వు కునుకు తీసినప్పుడు నీళ్ళకి లేచుంటుంది.”

“కంటికి కట్టుతోనా?”

“అలవాటైన ఇల్లే కదే.”

కూతురికి ఒళ్ళు మండింది. మంచం మీంచి కదలని మనిషిని కూడా ఫ్రిజ్ దాకా నడిపించి, తలుపు తీయించి, వెనక్కి తెచ్చి పడుకోబెట్టగలరు వీళ్ళు... మతి తప్పింది ఎవరికి?

కాగితం ముక్క ఒకటి తలుపు అంచుకి పెట్టి మూసింది. లాగింది. రాలేదు. పైన పెట్టింది. కింద పెట్టింది. మూలల్లో పెట్టింది. ఎక్కడా జారలేదు.

రబ్బరు పట్టుకునే ఉంది. తలుపు వేసే ఉంది. ఇన్నాళ్ళూ వేసే ఉంది.

ఆ మెకానిక్‌నే మళ్ళీ పిలిపించింది.

“ఫ్రీజర్ లోపల, వెనక పలక విప్పండి.”

“అక్కర్లేదండీ, రబ్బరు...”

“రబ్బరు నేను చూశాను. మీరు విప్పండి.”

మరలు వచ్చాయి. పలక రాలేదు. మంచు దాన్ని కరిచి పట్టుకుంది. వేడినీళ్ళ గిన్నె లోపల పెట్టి, ఆగి, మళ్ళీ పెట్టి... పలక ఊడింది. వెనక చల్లదనమిచ్చే గొట్టాలు ఉండాలి. కనబడలేదు. ఒకటే తెల్లటి గడ్డ, గోడలా.

కరిగాక, గొట్టాల కింద సన్నటి హీటర్. అప్పుడప్పుడు వేడెక్కి, పట్టిన మంచును పట్టినట్టే కరిగించడం దాని పని. మెకానిక్ కరెంటు పరీక్షించే మీటరు తీగలు దాని రెండు కొసలకీ ఆనించాడు.

మీటరు పలకలేదు.

“హీటర్ తెగిపోయిందండీ. చాన్నాళ్ళయినట్టుంది.”

“మరి అప్పుడు?”

“అప్పుడు విప్పలేదు కదండీ. పెద్దావిడ తలుపు మరిచిపోతారని అమ్మగారే చెప్పారుగా.”

అమ్మ కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

లోపల ఒక తీగ తెగింది. అంతే. నాలుగు మరలు విప్పడానికి బద్ధకించి, ఒక మనిషి బుర్రని విప్పి చూశారు. తలా ఒక మాట అన్నారు. ఎవరూ మీటరు పెట్టలేదు. పెట్టకుండానే తేల్చేశారు — పాడైపోయిందని.

కొత్త హీటర్ పడింది. రోజులు గడిచాయి. వెనక గోడ నున్నగా ఉంది.

“బాగైంది కదా, ఇంక దాని గురించి ఎందుకు?” అన్నాడు నాన్న.

“అత్తకి మీరు చెప్పండి.”

“ఏమని చెప్పమంటావే? ఈపాటికి తనే మరిచిపోయుంటుంది.”

ఆ మాట అంటున్నప్పుడు నాన్న గొంతులో ఏ తడబాటూ లేదు. కూతురు దాన్నే సహించలేకపోయింది.

తనే వెళ్ళింది. కట్టు విప్పిన కంటితో అత్త కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

“అత్తా, తలుపు నువ్వు వదిలెయ్యలేదు. ఎప్పుడూ వదిలెయ్యలేదు. లోపల హీటర్ పోయింది.”

కూతురు ఆమె ముఖంలో సంతోషం కోసం వెతికింది. దొరికింది భయం.

“అయితే అమ్మలూ... గిన్నె మాడబెట్టానన్నారు. చెప్పిందే చెబుతున్నానన్నారు. నాకు గుర్తులేదు. గుర్తులేకపోయినా, మీరందరూ అంటున్నారు కదా, నేనే అయ్యుంటానని ఒప్పుకున్నాను. మరి అవి కూడా... నేను కాదా?”



ఏది నిజంగా మరిచిందో, ఏది మరిచావంటే ఒప్పుకుందో — ఇక ఆ ఇంట్లో ఎవరు చెప్పగలరు?

ఇది చదివినవాళ్ళకి ఒక మనవి. ఎక్కడైనా, ఎవరి గురించైనా, “పాపం, ఆవిడకి ఈమధ్య మతి ఉండటం లేదు” అని గొంతు తగ్గించి చెబుతుంటే వింటారు. అప్పుడు తల ఊపే ముందు, ఈ అత్తను ఒక్కసారి గుర్తు చేసుకోండి.