పోపు పెట్టని పులుసు

ఆత్మకూరులో ఎస్తేరు ఏం వండుతుందో తెలియడానికి ఇరుగమ్మలు వాసన చూడరు, గాలి చూసుకుంటారు. ఆమె వంట ఏ ఊరిదైతే ఆ ఊరి వాతావరణం ఇంట్లో దిగుతుంది. ఓసారి సముద్రపు ఒడ్డువాళ్ల చేపల పులుసు కాచితే, పక్కింటి దండెం మీది బట్టలు కూడా ఉప్పుబారాయి. "ముందుగాల చెప్పొద్దా అక్కా, బట్టలు తీస్కుందును గదా" అని ఆ ఇంటి వనజ తగవుకొచ్చింది, పులుసుకు గిన్నె పట్టుకునే. అంతే. ఇదేం వింత అని మాత్రం ఎవరూ అడగలేదు.

రెండువేల ఆరు ఎండాకాలంలో కాలువ పంపుల పనికి ఒక జపాను ఇంజనీరు వచ్చాడు. మన కారం ఒక్కపూట తిని, ఆనక అరటిపండ్ల మీద బతుకుతున్నాడు. సారుకు నచ్చేటట్టు వండినవాళ్లకు క్యాంపులో వంటపని అన్నారు. అక్కడ మట్టిపని చేసే జోసెఫ్ ఆ మాటతో పాటు, సారు దేశపు పులుసుకని ఒక డబ్బా సోయా ముద్ద, గుప్పెడు ఎండు సముద్రపు నాచు తెచ్చి పెళ్లాం ఎస్తేరు ముందు పెట్టాడు.

"ఆదివారం సారు మనింటికొచ్చి తాగి చూస్తడంట. నచ్చితే ఈడనే ఉంటం. నచ్చకుంటే ఆనాడే గుంపు మేస్త్రీ లారీ ఎక్కుడే."

గుంపు మేస్త్రీ అంటే ఏటా కూలీలను బొంబాయికి తోలుకుపోయేవాడు. నిరుడు అక్కడి సిమెంటు దుమ్ముకు పట్టుకున్న దగ్గు ఎస్తేరును ఇంకా వదల్లేదు. గొంగళ్లతో సహా మూట మాత్రం అప్పుడే తలుపు పక్కన తయారుగా కూర్చుంది.

నేర్చుకోవడం మొదలైంది. సంతలో కొన్న ఎండుచేపలు మరగబెట్టి, నాచు వేసి, పొయ్యి ఆర్పినాకే ముద్ద కలపాలట. ఇదంతా ఎస్తేరుకు తొందరగానే పట్టుబడింది. పట్టుబడనిదల్లా అత్త బుజ్జమ్మ.

"పోపు పెట్టని పులుసు సావింట్ల కాస్తరే! బతికున్నోళ్లకు గదేం వంట?"

కోడలు అటు తిరిగిందో లేదో ఎండుమిరప, ఎల్లిపాయ, ఆవాలు చుయ్యిమనేవి. దాంతో వాతావరణం పరేషాన్. ఇంట్లో సగం చలి, సగం వడగాలి. ఒకనాడు పొయ్యి దగ్గర రాళ్లవాన పడింది. ఏరి చూస్తే ఒక్కో రాయి నడుమ ఒక ఆవగింజ.

"అత్తా, నీ కాళ్లు మొక్కుత, పోపు పెట్టకు."

"మొక్కుదువు గని, ఆవాలు యాడ దాచినవో చెప్పు ముందు."

ఆదివారం సారు వచ్చాడు. బూట్లు బయట విప్పి, చాప మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. వాకిట్లో లారీ హారను ఆగకుండా మోగుతోంది. ఎస్తేరు పొయ్యి ఆర్పి, ముద్ద కలిపి, వెనక్కి తిరిగింది. బుజ్జమ్మ చేతిలో పోపుగరిటె, చిటపటలాడుతూ.

వద్దనబోయిన ఎస్తేరుకు దగ్గు తెర వచ్చింది. ముసలామె కోడలి వంక చూసింది, లారీ వంక చూసింది. గిరుక్కున తిరిగి ఆ గరిటెను పొద్దుటి పప్పులో బోర్లించింది.

"పప్పుకన్న పెడ్త, అదేం పాపం చేసింది!"

గిన్నెలోంచి ఆవిరి లేచి, రేకుల దాకా పోయి, చప్పుడు లేకుండా తెల్లగా రాలడం మొదలుపెట్టింది. సారు భుజం మీద, బుజ్జమ్మ కొప్పులో, ఆరిన పొయ్యి బూడిదలో మంచు. ఆయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. తన భాషలో ఏదో అన్నాడు. ఏమన్నాడో గాని, గిన్నె మళ్లీ చాపాడు.

జోసెఫ్ పండ్లు టకటకలాడాయి. "అమ్మా, జర గొంగడియ్యే!"

బుజ్జమ్మ మూట ముడి విప్పి, మొదటి గొంగడి సారుకు కప్పింది. తిట్టుకుంటూ లోపలికి రాబోయిన మేస్త్రీ గడపలోనే వణికాడు.

"తలుపేసి కూసో అన్నా, చలొస్తది" అంది ఎస్తేరు. ఆయనకూ ఒక గిన్నె పోసింది.

ఎస్తేరువాళ్లు లేకుండానే లారీ బొంబాయి పోయింది. మూట కట్టిన చీరముక్క ఇప్పుడు క్యాంపు వంటింట్లో మసిగుడ్డ.