షట్టర్ దించిన శుక్రవారం

శుక్రవారం పొద్దున పది గంటలకు వాసంతి దగ్గర్నుంచి మెయిల్ వస్తుందని ఆరువందల నలభై మందికి తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లోని వాళ్ల పోచంపల్లి చీరల దుకాణానికి వచ్చినవాళ్లను అడిగి, సరేనన్నవాళ్ల అడ్రసులే ఎక్కించుకుంది. "వద్దమ్మా" అని ఒక్క మాట రాస్తే ఆ రోజే తీసేస్తుంది.

మొదట్లో ఆమె భర్త నరేష్‌కుమార్, కోచింగ్ సెంటర్‌లో పనిచేసే స్నేహితుడితో ఆ మెయిళ్లు ఇంగ్లీషులో రాయించేవాడు. ఒక్కోదాంట్లో ఇరవై చీరల ఫొటోలు, కింద పండగ ఆఫర్లు. నాలుగు నెలల్లో ఒక్కరూ జవాబివ్వలేదు. ఒకనాడు అత్తగారు మల్లమ్మ కొత్త చీర మడత విప్పి, "ఇది పోచంపల్లిల మన భిక్షపతి నేసిందే. మగ్గం మీద దెబ్బ గట్టిగ ఏస్తడు, అందుకే బట్ట గింత దిట్టంగ ఉన్నది" అంటుంటే, వాసంతి ఆ మాటల్నే తెలుగులో టైపు చేసి, ఆ ఒక్క చీర ఫొటో పెట్టి పంపింది. మధ్యాహ్నానికి తొమ్మిది మంది ఆ చీర కావాలన్నారు. అప్పట్నుంచి వారానికి ఒక చీర, దాన్ని నేసిన మనిషి గురించి ఇరవై లైన్లు. చదువురాని మల్లమ్మ చెబుతుంది, కోడలు రాస్తుంది. మూడేళ్లుగా ఒక్క శుక్రవారం తప్పలేదు.

2011లో దసరాకు రెండు వారాల ముందు, తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె ఊపందుకుంది. బస్సులు డిపోలు దాటడం లేదు. వాళ్ల సందులోని దుకాణదారులంతా కూడి గురు, శుక్ర, శనివారాలు షట్టర్లు దించాలనుకున్నారు. మీటింగులో మొదట చెయ్యెత్తింది నరేషే. ఇంటికొచ్చాక మాత్రం దిగులు పట్టుకుంది. భిక్షపతి దసరాకని నేసిన ఏడు చీరలూ ఎల్బీ నగర్‌లో నరేష్ వాళ్ల ఇంటి బీరువాలోనే ఉన్నాయి.

"గివి పోకుంటే కొత్త పడుగు ఎక్కియ్యొద్దని చెప్తా ఆయనకు. సీజనంత మగ్గం ఖాళీగుంటది, ఏం జేస్తం?" అన్నాడు గురువారం పొద్దున.

"రేపు మెయిల్ పంపుత గద. ఏడూ పోతయ్. దానికి షట్టర్‌తోని పనేంది?" అంది వాసంతి.

చిక్కుడుకాయలు తుంచుతున్న మల్లమ్మ తలెత్తింది. "అంటే ముందట షట్టర్ దించి, ఎనుక కిటికీలకెళ్లి అమ్ముతరా?"

"అమ్మా, అది కంప్యూటర్ల పోతది. ఎవరికి కనబడ్తది?"

"ఆరువందల మందికి కనబడ్తదని నువ్వే గదరా చెప్పుకుంట తిరిగేది!"

వాసంతికి నవ్వొచ్చింది గానీ, నవ్వే స్థితి కాదు. అమ్మితే బంద్‌కు ద్రోహం. మానేస్తే మూడేళ్ల మాట పోతుంది, భిక్షపతి మగ్గం ఆగుతుంది.

"సర్వర్ పాడైందని రాయి," అన్నాడు నరేష్ చివరికి. "లిస్టుల సగం మంది ఆంధ్రోళ్లు. బంద్ ముచ్చట రాస్తే ఒక్కలు మిగలరు."

"ఇన్ని రోజులల్ల ఒక్క అబద్ధం రాయలే. ఇప్పుడు రాస్తే, రేపు నేను చెప్పే రంగు గూడ ఎవరు నమ్ముతరు? మీరు పరేషాన్ గాకుండ్రి."

శుక్రవారం పదింటికి మెయిల్ వెళ్లింది. ఎప్పటిలాగే ఎవరి పేరుతో వాళ్లకు. సబ్జెక్టు దగ్గర, "ఈ వారం చీర లేదు" అని ఉంది.

"మా దుకాణం మూడు రోజులు మూసి ఉంటుంది. తెలంగాణ కోసం మేమే మూశాం, ఎవరూ మూయించలేదు. షట్టర్ దించినప్పుడు మెయిల్లో అమ్మడమూ తప్పేనని మా అత్తమ్మ అన్నది. అందుకే ఫొటో లేదు, ధర లేదు. మీ ఆలోచన వేరే కావచ్చు. కోపం వస్తే ఒక్క మాట రాయండి, మీ పేరు తీసేస్తాను. శుక్రవారం రాస్తానన్న మాట కోసం, అత్తమ్మ చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను.

మా చీరకు నేతకన్నా ముందే నూలు మీద రంగు పడుతుంది. రంగు అంటకూడని చోట దారాలను బిగించి కట్టడమే చిటికి కట్టడం. తొమ్మిదేళ్ల వయసులో అత్తమ్మ కట్టిన చిటికి ఒకచోట వదులైంది. రంగు లోపలికి దిగి, చీర నేశాక చూస్తే చిలక ముక్కు వంకర. వాళ్లమ్మ కొట్టలేదు. ఆ చీర అమ్మలేదు కూడా. పెళ్లిళ్లకు తనే కట్టుకుపోయి, మా బిడ్డ కట్టిన మొదటి చిలక అని అందరికీ చూపించిందట."

పది నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది: "తీసేయండి." పన్నెండు లోపు ఇంకో ముగ్గురు. అందులో ఒకాయన, "మా కొనుగోళ్లతో బతుకుతూ మాకే బందా?" అని రాశాడు.

"నేను చెప్పలే?" అన్నాడు నరేష్.

వాసంతి నలుగురి పేర్లూ తీసేసి, ఇన్నాళ్లు చదివినందుకు కృతజ్ఞతలని ఒక్కొక్కరికి విడిగా రాసింది. అప్పుడే ఫోను మోగింది. కొత్తపేటలో ఉండే ఇందిరాదేవి. భీమవరం వైపు మనిషి, పాత ఖాతాదారు.

"ఏంటమ్మా వాసంతీ ఈ గోల? బస్సుల్లేక మా వెంకటేశ్వరరావు గారు రోజూ ఆఫీసుకి నడిచి ఛస్తున్నారు. నీ మీద చాలా కోపంగా ఉంది నాకు."

"పేరు తీసెయ్యమంటారాండీ?"

"తియ్యి చూద్దాం! కూరగాయలకి మీ సందులోంచే వెళ్తాను, మూసుందని నాకు తెలీదా? ఏ కంప్యూటరో పాడైందని అబద్ధం ఆడి ఉంటే నా పేరు నేనే తీయించేసేదాన్ని. సరేగానీ, ఆ వంకర చిలక చీర ఉందా ఇంకా?"

"లేదండీ. కట్టీ కట్టీ చిరిగిపోయిందట."

"అయ్యో! మరి పండక్కి ఏమున్నాయి? ఎంతలో?"

"ఇప్పుడు చెప్పనండీ. ఆదివారం షట్టర్ ఎత్తుతాం."

అవతల పెద్ద నవ్వు. "గట్టిదానివే! మా చెల్లెల్ని కూడా తీసుకొస్తా."

ఫోను పెట్టగానే మల్లమ్మ అడిగింది, "ఏమంటుంది ఆంధ్రమ్మ?"

"తిడ్తుంది అత్తమ్మా."

"కొంటదంటనా?"

"కొంటదంట."

"తిట్టనియ్యి మరి."

శనివారం సాయంత్రానికి అరవై మూడు జవాబులు. ఏ ఆఫర్‌కూ ఇన్ని రాలేదు. తాము చెడగొట్టిన మొదటి జాకెట్టు గురించి ఒకరు, మాడబెట్టిన మొదటి అన్నం గురించి ఇంకొకరు రాశారు. బంద్ మంచిదన్నవాళ్లున్నారు, కాదన్నవాళ్లున్నారు. వాసంతి చదివి వినిపిస్తుంటే మల్లమ్మ ఒక్కొక్కరి పేరు రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

ఆదివారం షట్టర్ ఎత్తేసరికి ఇందిరాదేవి తన చెల్లెలితో మెట్ల మీద నిలబడి ఉంది. వెనక ఇంకో పదిమంది. లోపలికి వచ్చినవాళ్లంతా, "మల్లమ్మ గారు ఎవరండీ?" అని అడిగేవాళ్లే. ఏనాడూ కౌంటరు దగ్గరికి రాని మల్లమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చి, దారం ఎట్ల బిగించాలో తన వేలికే కట్టి చూపించింది. చీకటి పడకముందే ఏడు చీరలూ పోయాయి. ఎనిమిదోది కావాలని ఇందిరాదేవి చెల్లెలు పట్టుబట్టింది.

నరేష్ పోచంపల్లికి ఫోను కలిపాడు. "భిక్షపతన్నా, పడుగు ఎక్కియ్యి. ఆగకు."

"ఏం రంగు ఎయ్యాలె? మల్లమ్మక్కకు ఇయ్యి ఫోన్," అన్నాడు భిక్షపతి. దుకాణం తెరిచిన నాటి నుంచీ రంగు చెప్పేది మల్లమ్మే.

మల్లమ్మ ఫోను అందుకుంది. కొడుకును గానీ, చీరలను గానీ చూడలేదు, కోడలినే చూసింది. "భిక్షపతీ, గిప్పటి సంది రంగు మా వాసంతి చెప్తది. ఆమె మాట మీద ఆరువందల ముప్పై ఆరు మంది నిలబడ్డరు తెల్సా?" అని ఫోను ఆమె చేతికిచ్చింది.

వాసంతి ఫోను చెవికి ఆనించుకుంది.

"ఆవపువ్వు రంగు, అన్నా. అంచుకు చిలకలు."