సయ్రాకాన్ మళ్ళీ గుర్రమెక్కింది

ఆ ఏడు మంచు తొందరపడింది. గొర్రెల్ని పైకొండల నుంచి ఊళ్ళోకి దించుతున్న రోజున, వాగు దాటేచోట పల్చటి మంచుపెళ్ళ మీద సయ్రాకాన్ ఎక్కిన గుర్రం తోరు ముందుకాళ్ళు జారాయి. గుర్రం ఎడమపక్కకి ఒరిగి పడింది. సయ్రాకాన్ ఎడమ పాదం జీనుకి వేలాడే రికాబులోనే ఉండిపోయి దాని కింద పడింది.

తోరు తెలివైన గుర్రం. ఆమె కాలు లాక్కునేదాకా కదలకుండా పడుకుని, తర్వాతే లేచింది. లేచి, తప్పు చేసినదానిలా పక్కనే తల వంచుకుని నిలబడింది. సయ్రాకాన్ తన కాలివంక చూసుకుంది. పాదం ఉండాల్సిన దిక్కున లేదు.

భర్త జునుష్ ఆమెను తన గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని, ఊరు చేరేదాకా తిడుతూనే ఉన్నాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు? అరవై దగ్గరపడుతున్నా ఇంకా పెళ్ళికాని పిల్లననుకుంటున్నావా? ఆ ఒక్క గొర్రె పోతే పోయింది, దాని వెనక ఆ పరుగేంటే?"

ఆయన గొంతు వణుకుతోంది. అది విని ఆమె పళ్ళబిగువున నొప్పి ఓర్చుకుంది.

పట్నం ఆసుపత్రిలో చీలమండ కోసి, లోపల ఇనుప పట్టీ పెట్టి మేకులు బిగించారు. "నడుస్తారమ్మా, భయం లేదు. గుర్రం సంగతి ఎండలొచ్చాక చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ మాట జునుష్ చెవిలో పడేసరికి వేరేగా మారింది. "ఇక మా ఆవిడకి గుర్రం లేదు. డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడు.

నడక రాకముందే జీనెక్కిన మనిషి సయ్రాకాన్. ఆ చలికాలమంతా పొయ్యి పక్కన కాలు దిండు మీద పెట్టుకుని, కిటికీలోంచి జనం గుర్రాల మీద పోతుంటే చూస్తూ కూర్చుంది. ఎవరి గుర్రం కుంటుతోందో, ఎవరి జీను వదులుగా ఉందో లోపలి నుంచే చెప్పేది. వినేవాళ్ళు లేకపోయినా చెప్పేది.

కట్టు విప్పేసరికి కాలు అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల కాలులా పుల్లలా తేలింది. పాదం పైకి లేవదు, కిందికి వంగదు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, చీలమండ ఉబ్బిపోయేది.

మంచు కరుగుతున్న రోజుల్లో, జునుష్ ఇంట్లో లేనప్పుడు చూసుకుని ఆమె కొట్టంలోకి వెళ్ళింది. తోరు సకిలించింది. జీను వేసింది, ఎడమ పాదం రికాబులో పెట్టింది. అదే కాలు మీద బరువు మోపి పైకి లేవాలి. లేవలేకపోయింది. నొప్పి ఉన్నమాట నిజమే కానీ, ఆపింది నొప్పి కాదు. పాదం రికాబులో ఇరుక్కోగానే మంచు మీద జారిన ఆ క్షణం ఒళ్ళంతా కమ్మింది. తోరు ఒక్కడుగు పక్కకి జరిగేసరికి ఆమె వెనక్కి తూలి పేడకుప్పలో కూలబడింది.

గుమ్మం దగ్గర ఎవరో పకపకా నవ్వారు. వియ్యపురాలు బాత్మా. ఆమె కూతుర్నే సయ్రాకాన్ కొడుక్కి చేసుకున్నారు. మనిషి భారీగా ఉంటుంది. నోరు అంతకన్నా భారీ.

"బాగుంది వదినా! మా అమ్మాయినిచ్చిన ఇంటి పరువు పేడలో పడింది" అంది. మరుక్షణం సయ్రాకాన్ కళ్ళల్లో నీళ్ళు చూసి నవ్వు మింగేసింది. వచ్చి, రెండు చంకల కింద చేతులు వేసి లేపింది.

"నొప్పా?"

"కాదు. భయం" అంది సయ్రాకాన్. ఆ మాట ఇంకెవరి దగ్గరా అనలేదు. "ఎవరికీ చెప్పకు వదినా."

"చెప్పను. కానీ పొయ్యి పక్కన కూర్చుని దిండుకి సేవ చేస్తే కాలు బాగవుతుందా? రేపట్నించి మా ఇంటికి రా. కంబళి తొక్కుదువు గాని."

కొత్త గుడారానికి కంబళ్ళు చేసే రోజులవి. చాప మీద ఉన్ని పరిచి, మరుగుతున్న నీళ్ళు చల్లి, చుట్టగా చుట్టి తాళ్ళు బిగిస్తారు. ఆడవాళ్ళంతా వరుసగా నిలబడి కాళ్ళతో తన్నుతూ దాన్ని పెరడంతా దొర్లిస్తారు. సయ్రాకాన్ మొదటిరోజు కొనకి నిలబడి, బాత్మా భుజం పట్టుకుని తొక్కింది. వేడి ఉన్ని పాదం కింద మెత్తగా అణిగింది. ఆవిరి చీలమండ చుట్టూ పట్టుకుంది. సాయంత్రానికి కాలు గుమ్మడికాయంత అయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ వసంతంలో ఊళ్ళో ఎవరింట్లో కంబళి తొక్కుతున్నా సయ్రాకాన్ అక్కడుండేది. కర్ర ఏ ఇంట్లో మరిచిపోయిందో ఆమెకే తెలియదు.

అయినా, పైకొండలకి గుడారాలు తరలించే రోజున జునుష్ ఆమెను లారీ ఎక్కమన్నాడు.

"నేను గుర్రం మీద వస్తానయ్యా."

"రావు. ఒకసారి మోసుకొచ్చాను, చాలు. నిన్ను మళ్ళీ అలా చూడటం నా వల్ల కాదు."

కోప్పడి ఉంటే ఆమె ఎదురు తిరిగేదే. కానీ ఆయన మెల్లగా అన్నాడు. ఆమె లారీ ఎక్కింది. పొయ్యి, పిండిబస్తాలు, పరుపులు, ఓ మూల మూతి కట్టేసిన దూడ, వాటి మధ్య సయ్రాకాన్. కనుమ ఎక్కుతుంటే గుర్రాల మీద వచ్చేవాళ్ళు దాటిపోతూ పలకరించారు. "పిన్నీ, పిండిబస్తాలకి కాపలానా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కనుమ దాటాక దూడ మెడలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడే బాత్మా గుడారానికి వెళ్ళింది.

"వదినా, ఎడమకాలు రికాబులో పెట్టినప్పుడే నాకు భయం. కుడివైపు నుంచి ఎక్కితే?"

బాత్మా చాయ్ గిన్నె కింద పెట్టింది. "లోకంలో ఎవరైనా కుడివైపు నుంచి ఎక్కుతారా? గుర్రమేమనుకుంటుంది?"

"అదే దానికి నేర్పాలి."

జునుష్ గుర్రాల మందతో అవతలి లోయకి పోగానే ఇద్దరూ తోరుని వాగు వెనక పల్లంలోకి తోలుకుపోయేవారు. బాత్మా కళ్ళెం పట్టుకుని, బోర్సోకులనే వేపుడు పిండిముక్కల్ని మీగడలో ముంచి ఒక్కొక్కటీ దాని నోట్లో పెట్టేది. సయ్రాకాన్ కుడివైపు నుంచి జీను మీద చెయ్యి వేస్తే మొదట్లో తోరు గుండ్రంగా తిరిగిపోయేది. చెవులు వెనక్కి పెట్టి, 'ఈ మనిషికి మతిపోయిందా' అన్నట్టు చూసేది.

"తినేది సగం నేనే తినేస్తున్నాను, త్వరగా ఎక్కు తల్లీ!" అని బాత్మా మొత్తుకునేది.

ఒక ఉదయం తోరు తిరగలేదు. సయ్రాకాన్ కుడికాలు రికాబులో పెట్టి, ఊపిరి బిగబట్టి లేచింది. ఎడమకాలు గుర్రం మీదుగా తిప్పి అవతలివైపు వేసింది. కూర్చుంది.

మోకాళ్ళ మధ్య ఆ వెచ్చదనం, ఆ ఊపిరి! బాత్మా ఏదో అడుగుతోంది. సయ్రాకాన్‌కి వినపడటంలేదు. ఎడమ పాదాన్ని మెల్లగా రికాబులోకి జార్చింది. పాత భయం మళ్ళీ తలెత్తింది. "పద నాయనా" అంది. తోరు పచ్చికలోకి అడుగేసింది. అడుగు నడకైంది, నడక పరుగైంది. తిరిగొచ్చేసరికి బాత్మా పచ్చికలో చతికిలబడి ఏడుస్తూ, మిగిలిన బోర్సోకులన్నీ తినేస్తోంది.

నడివేసవి పండగకి చుట్టుపక్కల గుడారాలవాళ్ళంతా సరస్సు ఒడ్డున చేరారు. కుర్రజంటల గుర్రపుపందేలు అయ్యాక పెద్దాయనొకడు లేచి, "ఈసారి ముసలి జంటలు రండి!" అని కేకేశాడు. పందెం అందరికీ తెలిసిందే. పోయేటప్పుడు మగాడు ఆడదాన్ని తరమాలి, పట్టుకుంటే ముద్దు. పట్టుకోలేకపోతే వచ్చేటప్పుడు ఆమె తరుముతుంది. ఆమె చేతిలో కొరడా ఉంటుంది.

జునుష్ అప్పటికే పులిసిన గుర్రప్పాల కుమిస్ రెండు గిన్నెలు తాగి గుర్రం మీద ఉన్నాడు. "నాకు జోడీ ఏదయ్యా? మా మహారాణి లారీలో తప్ప కదలదు!" అన్నాడు. జనం నవ్వారు.

అప్పుడు గుంపు చీలింది. సయ్రాకాన్ తోరుని నడిపించుకుంటూ వచ్చింది. అందరి ముందూ దాని కుడిపక్కకి వెళ్ళింది. "పిన్నీ, అటు కాదు!" అని ఎవరో అరిచారు. ఆమె ఎక్కి కూర్చుంది.

జునుష్ మత్తు దిగిపోయింది. "దిగు" అన్నాడు. తర్వాత, "దిగవే, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

"తరమడం చేతకాకపోతే చెప్పు" అందామె, తోరుని దూకించింది.

పోయేటప్పుడు ఆయన తరిమాడు కానీ చేరలేకపోయాడు. సగం మనసుతో తరిమాడని ఆమెకి తెలుస్తూనే ఉంది. అవతలి చివర పాతిన జెండా చుట్టూ తిరిగాక ఆమె వంతు వచ్చింది. ముందు పోతున్న ఆయన వెనక్కి చూశాడు, ఆమె కాలివంక చూశాడు, మెల్లగా కళ్ళెం లాగాడు. గుర్రం వేగం తగ్గింది. గెలుపు దానంగా ఇవ్వబోతున్నాడు.

సయ్రాకాన్‌కి ఒళ్ళు మండింది. ఆ కొండల్లో ఏ ఇల్లాలూ మొగుడి పేరు నోట పలకదు. పెళ్ళయిన దగ్గర్నించీ ఆమె ఆయన్ని పేరుపెట్టి పిలిచింది లేదు.

"జునుష్!" అని అరిచింది.

సరస్సు ఒడ్డున జనమంతా లేచి నిలబడ్డారు.

"జునుష్! నా కాలు చూసి కళ్ళెం లాగావంటే ఇవాళ్టినించి నీ గుడారం వేరు, నా గుడారం వేరు! పరుగెత్తు!"

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. తర్వాత గుర్రం మెడ మీదికి వంగి, కుర్రవాడిలా కేక పెట్టి మడమలతో పొడిచాడు. ఈసారి నిజంగా పరుగెత్తాడు. సయ్రాకాన్ రికాబుల మీద లేచి నిలబడింది. ఎడమ చీలమండలో నొప్పి భగ్గుమంది. భగ్గుమంది కానీ కాలు వంగలేదు. ఆమె బరువంతా మోసింది. గాలికి తలగుడ్డ ఊడి ఎటో పోయింది. తోరు మెడ సాచింది, రెండు గుర్రాల తలలూ సమమయ్యాయి. మొదటి దెబ్బకి ఆయన తెల్ల టోపీ ఎగిరిపోయింది. రెండోది వీపున పడింది. మూడోది లారీ కోసం వేసింది.

గీత దాటేసరికి జనం ఈలలు, కేకలు. బాత్మా అందర్నీ తోసుకుంటూ వచ్చి, "మా వదినే! మా వదినే!" అని కొత్తగా పరిచయం చేస్తున్నట్టు అరుస్తోంది. జునుష్ గుర్రాన్ని దగ్గరికి తెచ్చాడు. వీపు రుద్దుకుంటూ నవ్వుతున్నాడు, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఎంత గట్టిగా కొట్టావే" అన్నాడు.

"ఇంకా ఉంది, కావాలా?"

"పేరు మాత్రం ఇంకోసారి అను."

"సిగ్గులేదు నీకు" అని ఆమె మొహం తిప్పుకుంది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

మర్నాడు కాలు బాగా వాచింది. జునుష్ గొర్రెకొవ్వు కాచి, గొణుగుతూ చీలమండకి మర్దనా చేశాడు. వాపు తగ్గాక ఒక ఉదయం, పిల్లతల్లి గుర్రమొకటి మందలోంచి తప్పించుకుని ఉత్తరపు గట్టు దాటిపోయిందని కబురొచ్చింది. ఆయన జీను భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి సయ్రాకాన్ అప్పటికే గుర్రం మీద ఉంది.

"నువ్వెక్కడికి?"

"గట్టు మీదికి. దాని అడుగులు నీకు కనపడవు, కళ్ళు మసకబారాయి నీకు."

ఆయన తన గుర్రానికి జీను కట్టాడు. ఇద్దరూ పొద్దుటి మంచు ఆరని పచ్చికలో గట్టెక్కారు. ఆమె ముందు, ఆయన వెనక. దారి నిటారుగా ఉన్నచోట ఆమె ఒకసారి ఆగి వెనక్కి తిరిగింది. "త్వరగా రావయ్యా, ఎండ ఎక్కుతోంది!" అని కేకేసి, తోరుని ముందుకి ఉరికించింది.